పక్కదెంత మావయ్య

మా మావయ్యకి ఎవరైనా ఒక అంకె చెబితే, దాని పక్కన ఉన్న అంకె ఎంతో తెలుసుకునేదాకా తిన్నది అరిగేది కాదు. లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవాళ్ళున్నారు, చదివిన పేపరే మళ్ళీ చదివేవాళ్ళున్నారు. మా అమ్మకి అన్నగా పుట్టిన ఈ మహానుభావుడిది మాత్రం ‘పక్కదెంత?’ పిచ్చి. ముందూ వెనకా తెలియని అంకెతో వియ్యం అందకూడదనేవాడు. దాంతో ఆయన అసలు పేరు రేషన్ కార్డులో మిగిలిపోయి, ఊరందరికీ ‘పక్కదెంత మావయ్య’ అయిపోయాడు. ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా మావయ్య అనే పిలిచేవారు.

ఒకసారి మా పిన్ని కూతురికి సంబంధం తెచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య, అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్ళన్నాడు. అందరూ బాగుందంటే బాగుందనుకున్నారు. మావయ్య పేపరు పక్కన పెట్టి “పక్కదెంత?” అన్నాడు. పేరయ్యకి అర్థం కాలేదు. “అబ్బాయి పక్కన తమ్ముడున్నాడన్నారుగా, ఆ తమ్ముడికెంత?” అని విడమరిచి అడిగాడు. “ముప్పై నిండాయండీ” అన్నాడు పేరయ్య, ఎంతో గౌరవంగా. అప్పుడే కాఫీ తెస్తున్న పిన్ని గ్లాసులతో సహా వంటింట్లోకి వెనక్కి తిరిగింది.

మంచికీ చెడుకీ కూడా ఆయనది అదే ప్రశ్న. మా అక్క ఎనిమిదో తరగతిలో లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకుని గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. నాన్న వీధి వీధంతా చెప్పడానికి చెప్పులేసుకుంటున్నారు. మావయ్య “పక్కదెంత?” అన్నాడు. తీరా ఆరా తీస్తే ఆ పేపరు అంత తేలికట, మొదటి పదిమందికీ తొంభై అయిదు పైనే వచ్చాయట, అక్కది పదకొండో స్థానమట. నాన్న చెప్పులు విప్పేశారు. ఆ రోజు నుంచీ అక్క తనకి సంబంధించిన ఏ అంకెనీ మావయ్య చెవిన పడనివ్వలేదు. ఈ పంతం తర్వాత ఎంత పని చేసిందో చెబుతాను.

ఆయన పని రక్తపరీక్షలు. ఒక వీధి చివర, గడియారాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు ఆయన ల్యాబు. ముందు గదిలో చెక్క బల్ల, నా టైపు మిషను. వెనక గదిలో సూదులు, గాజు గొట్టాలు, పాత ఫ్రిజ్జు, రక్తాన్ని గిర్రున తిప్పి పైన తేటనీ కింద కణాలనీ విడదీసే యంత్రం. అది తిరుగుతుంటే నా బల్ల కూడా వణికేది. ఆ రోజుల్లో నేను కొట్టిన రిపోర్టుల్లో సున్నాలన్నీ కొంచెం వంకరగా ఉండేవి. డిగ్రీ అయ్యి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను ఆయనే పిలిచి ఆ మిషను ముందు కూర్చోబెట్టాడు. పాతికేళ్ళ కిందటి మాట. ఇప్పుడు రిపోర్టులు ఫోన్లోకే వచ్చేస్తున్నాయి. ఎక్కువైతే పైకో ఎర్ర బాణం, తక్కువైతే కిందికో ఎర్ర బాణం. అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. ఆ స్పిరిట్ వాసన, కింద నుంచి వినిపించే గడియారాల టిక్కుటిక్కు, మధ్యలో మావయ్య దగ్గు, ఇవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

కింద కొట్టాయన గోడ నిండా గడియారాలుండేవి, ఏ రెండిటికీ పొత్తు కుదిరేది కాదు. మావయ్య రోజూ మెట్లెక్కే ముందు అక్కడ నిలబడి అన్నీ ఒకసారి చూసుకుని, తృప్తిగా తలాడించి పైకొచ్చేవాడు. మీ మావయ్య నోరు మూసుకుని నిలబడే చోటు భూమ్మీద నా కొట్టొక్కటేనమ్మా అని ఆయన నాతో అనేవాడు.

ల్యాబుకొచ్చేవాళ్ళ పాట్లు దేవుడికెరుక. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కదా. షుగరు నూట నలభై అంటే తిన్నాకా, తినకముందా అని మొదలుపెట్టి, తింటే ఎప్పుడు, ఎంత, మొన్నటిదెంత అని వాళ్ళని ముప్పుతిప్పలు పెట్టేవాడు. ఒకసారి బట్టల కొట్టు యజమాని భార్య రిపోర్టు పుచ్చుకుని ఆనందంగా వచ్చాడు. పోయినసారి టీఎస్‌హెచ్ ఆరుంటే ఈసారి తొమ్మిదికి పెరిగిందట, థైరాయిడు పుంజుకుందట. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం మనిషి. మావయ్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

“థైరాయిడు మెడలో కూర్చుని పని చేస్తుంది. అది సరిగ్గా చెయ్యకపోతే తలలోంచి ఒక గ్రంథి కేకేస్తుంది. ఆ కేక పేరే టీఎస్‌హెచ్. మా ఇంట్లో మీ చెల్లెమ్మ గొంతు పెరిగిందంటే నేను బాగా పని చేస్తున్నానని అర్థమా, చెయ్యట్లేదనా?”

“చెయ్యట్లేదనే” అన్నాడాయన ఠక్కున. ఆయనకీ ఇల్లుంది.

“కేక పెరిగిందంటే పని తగ్గిందన్నమాట. ఇప్పుడు పక్కదెంత? పని ఎంత జరుగుతోందో చెప్పే టీ-ఫోర్ ఏదీ?”

సరిగ్గా అప్పుడే క్యారియరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన అత్తయ్య ఆ పాఠమంతా వింది. ఆ మధ్యాహ్నం మా ల్యాబులో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా నమోదైంది.

ఇక అక్క సంగతి. అక్క అప్పుడే ఒక బళ్ళో టీచరుగా చేరింది. మొదటి ఏడాది పరీక్షాకాలం. ఏడాది చివర పెద్ద టీచరుగారు సరేనంటే ఉద్యోగం ఖాయం, కాదంటే ఇంటికి. నాన్న పోయి రెండేళ్ళు, నాది పిల్ల ఉద్యోగం, అక్క జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఆ బళ్ళో ఒక పద్ధతుంది. తరగతి గదుల్లో టీచర్లకి కుర్చీలుండవు. టీచరు కూర్చుంటే పాఠం చతికిలబడుతుందని పెద్ద టీచరుగారి నమ్మకం. మా అక్క చూస్తే, చేరిన నాలుగు నెలలకే నీరసంతో వాడిపోవడం మొదలైంది. దువ్వెన నిండా జుట్టు, మిట్టమధ్యాహ్నం కూడా దుప్పటి, సాయంత్రానికి మెట్టెక్కితే ఆయాసం. పాఠం మధ్యలో కాళ్ళు తేలిపోతే వెనక బెంచీలో పిల్లల పక్కన కూలబడేది. పెద్ద టీచరుగారు కిటికీలోంచి చూసి నల్ల డైరీలో గీత గీసుకునేవారు.

డాక్టరమ్మ టీఎస్‌హెచ్ రాసింది. పదకొండొచ్చింది. ఉండాల్సింది అరకీ నాలుగున్నరకీ మధ్య. మాత్ర మొదలుపెట్టారు. ఆరు వారాలకి పది. మాత్ర పెంచారు. ఇంకో ఆరు వారాలకి పన్నెండు. మందు పెరిగేకొద్దీ కేకా పెరుగుతోంది. ఇంట్లో అమ్మ, మాత్ర వేసుకుంటోందిగా, ఇంకా ఏమిటీ పడక అని గొణగడం మొదలుపెట్టింది. అక్కకి అసలే ఎదురు చెప్పే ఓపిక లేదు, దాంతో అదీ బద్ధకం లెక్కలోకే వెళ్ళింది.

ఈ పరీక్షలన్నీ అక్క వేరే ల్యాబులో చేయించుకుంది, తొంభై రెండు మార్కుల పంతం కొద్దీ. మూడోసారి మాత్రం ఆ ల్యాబుకి సెలవైతే, మావయ్య లేని వేళ చూసి నా దగ్గరే రక్తం ఇచ్చి వెళ్ళింది. ఆయనకి చెబితే నా మొహం చూడనని ఒట్టు కూడా పెట్టించుకుంది. కానీ సంతకం పెట్టేది ఆయనే కదా. సాయంత్రం కాగితం అందుకుని, పేరు చూసి, అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పక్కదెంత అని అడిగాడు. పక్కన ఏమీ లేదు, ఒక్కటే రాశారన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా చొక్కా గుండీలు పెట్టుకుని, నన్ను తాళం వెయ్యమని మా ఇంటికి బయల్దేరాడు.

మా ఇంట్లో అమ్మకి ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. వారంలో ఏడు రోజులకి ఏడు అరలు. ఆదివారం కూర్చుని అక్క మాత్రలన్నీ అరల్లో సర్దేది. పొద్దున్నే పాల కాఫీ గ్లాసూ ఆ రోజు మాత్రలూ ఒకేసారి చేతికిచ్చి, గుక్కలో మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఒక్క రోజు, ఒక్క మాత్ర తప్పింది లేదని అమ్మకి మహా గొప్ప. మావయ్య అక్కని ఒక్క మాటా అడక్కుండా ఆ డబ్బా తెరిచి చూశాడు.

“ఈ చిన్న మాత్ర థైరాయిడుది. దీని పక్కన ఇన్ని ఎవరు చేరారు?”

“అవి మందులేంటన్నయ్యా, బలానికి” అంది అమ్మ. “ఎర్రది రక్తం పట్టడానికి, తెల్లది ఎముకలకి, ఆ పసుప్పచ్చది ఊరికే, మంచిదని.”

“డాక్టరమ్మకి చెప్పారా?”

“మందులేం వాడుతున్నారని అడిగింది, మందుల సంగతే చెప్పాం. ఇవి బలం మాత్రలాయె, చెప్పలేదు.”

మావయ్య నుదురు కొట్టుకోలేదు, అమ్మని కేకలెయ్యలేదు. ఎర్ర మాత్రలో ఉన్న ఇనుమూ, తెల్ల మాత్రలో ఉన్న కాల్షియమూ కడుపులో ఈ చిన్న మాత్రని పట్టుకుని రక్తంలోకి పోనివ్వవని చెప్పాడు. ఒకే గుమ్మంలోంచి నలుగురూ ఒకేసారి దూరబోతే చిన్నవాడు బయటే మిగిలిపోతాడన్నాడు. అమ్మ ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మూణ్ణెల్లుగా తన చేత్తో తనే శ్రద్ధగా కూతురి మందుకి అడ్డం పెడుతోందని తెలిస్తే ఏ తల్లి మాత్రం తట్టుకుంటుంది. నువ్వు ఒక్క రోజు కూడా మర్చిపోలేదు, ఎవరు మాత్రం ఇంత చేస్తారు అని మావయ్యే ఆవిడకి ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

ఆయన మందు విషయంలో మాత్రం నోరెత్తలేదు. తను రక్తం తీసేవాడే గానీ మందు చెప్పేవాడు కాదన్నాడు. డబ్బాతో సహా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆవిడ డబ్బా చూసి, తనూ విడమరిచి అడగాల్సిందని ఒప్పుకుని, పక్కవన్నీ రాసింది. హిమోగ్లోబిన్, రక్తంలో ఇనుము నిలవ చెప్పే ఫెరిటిన్, బీ-పన్నెండు, డీ విటమిన్. ఫలితాలు పెద్ద ల్యాబు నుంచి మూడోరోజు వచ్చాయి. హిమోగ్లోబిన్ పదకొండున్నర, చూడ్డానికి కొంచెమే తక్కువ. కనీసం ముప్పై ఉండాల్సిన ఫెరిటిన్ మాత్రం ఆరు. మిగతా రెండూ నేల చూపులు చూస్తున్నాయి.

“హిమోగ్లోబిన్ కొట్టు ముందు పేర్చిన సరుకు తల్లీ” అన్నాడు మావయ్య అక్కతో. “ఫెరిటిన్ వెనక గోదాము. ముందు చూసినవాళ్ళు కొట్టు నడుస్తోందనుకుంటారు. నీ గోదాము ఎప్పుడో ఊడ్చుకుపోయింది. ఎర్ర మాత్ర వేసుకున్నావు గానీ, కాఫీతోనూ కాల్షియంతోనూ వేసుకుంటే అదీ సరిగ్గా ఒంటబట్టదు. ఇనుము లేక థైరాయిడూ కుంటుతుంది. నువ్వు ఇన్నాళ్ళూ నిలబడి పాఠం ఎలా చెప్పావో నాకు తెలీదు.”

అక్క బావురుమంది. జబ్బు తేలినందుకు ఏడవడమేమిటని అమ్మ కంగారుపడింది. నేను బద్ధకస్తురాల్ని కాదు కదా మావయ్యా అని అక్క మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, అమ్మకీ నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ థైరాయిడు మాత్రని పాత మోతాదుకి తగ్గించి, తెల్లవారగానే ఖాళీ కడుపున ఒట్టి నీళ్ళతో వేసుకోమంది. ఇనుము, కాల్షియం దానికి నాలుగు గంటలైనా ఎడంగా, అవి కూడా వేరువేరు పూటల్లో. మళ్ళీ ఆరు వారాలకి పరీక్ష, గోదాము నిండడానికి నెలలు పడుతుందంది. పెద్ద టీచరుగారి నిర్ణయానికి మాత్రం వారమే ఉంది.

ఆ వారంలోనే అక్కని రమ్మని కబురొచ్చింది. తోడుగా మావయ్యా నేనూ వెళ్ళాం. తన రక్తం సంగతి బళ్ళో ఎవరికీ చెప్పొద్దని అక్క ఆయన దగ్గర మాట తీసుకుంది. ఇస్త్రీ చీర, వెనక్కి దువ్విన నెరిసిన జుట్టు, పాలిపోయిన మొహం, బల్ల వెనక కుర్చీలో నిటారుగా ఉన్నారు పెద్ద టీచరుగారు. ఆవిడ లెక్కల మనిషి. నల్ల డైరీ మా వైపు తిప్పారు.

“నెలన్నరలో పద్నాలుగు సార్లు క్లాసులో కూర్చుంది.”

“పక్కదెంత?” అన్నాడు మావయ్య.

నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగాను. అక్క కళ్ళు మూసుకుంది. పెద్ద టీచరుగారు కళ్ళజోడు మీంచి చూశారు. “అంటే?”

“ఈ నెలన్నరలో మొత్తం ఎన్ని పీరియడ్లు చెప్పిందండీ?”

ఆవిడకి కోపం వచ్చిందనే అనుకున్నాను. కానీ లెక్క అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషిలా ఉన్నారు. రిజిస్టరు తెప్పించి, పెన్సిలు పుచ్చుకుని వరసలు కూడుతూ కూర్చున్నారు. తనవి నూట ఎనభై. రాని టీచర్ల బదులు చెప్పినవి ఇంకో ముప్పై ఒకటి. సెలవులు ఎన్నని మావయ్య అడక్కుండానే ఆవిడే ఆ వరసా చూసి, సున్నా అన్నారు. తర్వాత పెన్సిలు కింద పెట్టి, “అంటే నూట తొంభై ఏడు పీరియడ్లు నిలబడే చెప్పింది” అన్నారు, ఎవరితోనో కాకుండా తనలో తనే. ఆ నూట తొంభై ఏడూ మొదటిసారి విన్నది అక్క కూడా. నిర్ణయం వచ్చే టర్ము మొదటి పరీక్షల దాకా వాయిదా వేశారు.

లేచి వస్తుంటే మావయ్య గుమ్మం దగ్గర ఆగి, పై అంతస్తుకి వెళ్ళేటప్పుడు మధ్యలో ఎన్నిసార్లు ఆగుతారని ఆవిడని అడిగాడు. ఆవిడ బిగుసుకుపోయి, నాకు యాభై రెండేళ్ళండీ అన్నారు.

“అది ఒక్క అంకే కదండీ” అని నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఆ సాయంత్రం అత్తయ్యతో ఇదంతా చెప్పి, నవ్వుతూ ఈయనకి ఈ పిచ్చి ఎప్పట్నుంచి అత్తయ్యా అని అడిగాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

“పెళ్ళయిన కొత్తల్లో నేనూ అంతేనమ్మా. పని మధ్యలో కూలబడేదాన్ని. మా అత్తగారింట్లో నాకు కూర్చునే కోడలని పేరు పెట్టారు. మీ మావయ్యే హిమోగ్లోబిన్ చూసి, పన్నెండుంది, ఏ జబ్బూ లేదు, బద్ధకమేనని అందరి ముందూ చెప్పారు. రెండేళ్ళ తర్వాత ఎవరో డాక్టరు పక్కవన్నీ చూస్తే, ఒంట్లో ఇనుము నిలవే లేదని అప్పుడు బయటపడింది. ఆ కాగితం పట్టుకుని ఆ రోజు వరండాలో కూర్చుని లోపలికి రాలేదు మీ మావయ్య. తప్పయిందని ఇప్పటికీ నాతో ఒక్క మాట అనలేదు. ఊళ్ళో వాళ్ళందర్నీ మాత్రం పక్కదెంత, పక్కదెంత అని పీక్కుతింటున్నారు.”

అంతసేపటికి అత్తయ్యకి నవ్వొచ్చింది. నేనే నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళు ఆయన్ని ఆటపట్టించినవాళ్ళలో నేనూ ఉన్నానని సిగ్గేసింది.

వారం తిరక్కుండా పెద్ద టీచరుగారు మా ల్యాబు మెట్లెక్కారు. మధ్యలో రెండుసార్లు ఆగారు, నేను పైనుంచి విన్నాను. మావయ్య ఆవిడకి కుర్చీ వేసి, ఆయాసం తీరేదాకా ఏమీ అడక్కుండా గాజు గొట్టాలు సర్దుకుంటూ గడిపాడు. ఆయన అంతసేపు ఏమీ అడక్కుండా ఉండడం నేను అదే మొదటిసారి చూడ్డం. ఆవిడ అంకెలు ఇక్కడ రాయను, రాస్తే మావయ్య ఊరుకోడు. యాభై రెండేళ్ళ తప్పు మాత్రం కాదని తేలిందంటే చాలు. ఆరు వారాలకి అక్క టీఎస్‌హెచ్ మూడు పాయింట్ రెండుకి దిగింది. ఒక్క అంకె కూడా వంకర పోకూడదని, యంత్రం ఆగేదాకా ఉండి ఆ కాగితం కొట్టాను.

కొత్త టర్ము మొదలైన రోజు సాయంత్రం అక్క రెండేసి మెట్లు ఎక్కుతూ ల్యాబుకొచ్చింది. బళ్ళో తొమ్మిది గదుల్లోనూ తొమ్మిది కొత్త కుర్చీలు వేయించారట. ఎందుకని ఎవరికీ చెప్పలేదట. మావయ్య విననట్టు గొట్టాలు కడుగుతూనే ఉన్నాడు. మరి నువ్వు కూర్చున్నావా అని నేను అడిగాను.

“నాకెక్కడ కుదిరిందే” అంది అక్క. “పెద్ద టీచరుగారు నా క్లాసు చూస్తానని వచ్చి, పీరియడంతా అందులోనే కూర్చున్నారు.”